నది లేని దేశంలో పంతులమ్మ

ఈ ఏటి సంచికకి ఏదైనా రాసిమ్మని విద్యార్థి సంఘం కార్యదర్శి మా ఇంటికొచ్చి అడిగినప్పుడు, "నేను రచయిత్రిని కాను నాయనా, పసిపిల్లలకి ఏబీసీడీలు చెప్పుకునేదాన్ని" అన్నాను. "అదే రాయండి మేడమ్. మా ఫైనలియర్ వాళ్ళలో నలుగురైదుగురు టీచరు ఉద్యోగాలకి బయటి దేశాలు వెళ్దామని చూస్తున్నారు. ఎవరో ఏజెంటు చెప్పినదే గాని అసలు సంగతి చెప్పేవాళ్ళు లేరు" అన్నాడు. ఆ మాట నిజమే. నేను వెళ్ళినప్పుడూ నాకు చెప్పినవాళ్ళు లేరు. అందుకని, ఇదే కళాశాల బెంచీల మీద కూర్చున్న పాత విద్యార్థినిగా, 2013 నుంచి 2017 వరకు మాల్దీవుల్లో నేను చూసినదీ చేసినదీ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఆ దేశం సంగతి

విదేశం అనగానే మనకి అమెరికా గుర్తొస్తుంది. నేను వెళ్ళినది తిరువనంతపురంలో విమానం ఎక్కితే గంటా గంటంపావులో దిగే చోటు. తణుకునుంచి హైదరాబాదు బస్సులో పట్టే కాలంలో నాలుగోవంతు కూడా కాదు. వాళ్ళ గడియారం మనకంటే అరగంట వెనక నడుస్తుంది, అంతే.

అయితే ఆ దేశం వేరే రకంగా దూరం. సుమారు 1,200 దీవులు. వాటిలో జనం కాపురం ఉండేవి 200 కు లోపే. ఉత్తరంనుంచి దక్షిణానికి 800 కిలోమీటర్లకి పైగా పొడవు. మొత్తం నేలంతా కలిపితే మాత్రం 300 చదరపు కిలోమీటర్లు. అంటే సముద్రం మీద బియ్యపు గింజలు చల్లినట్టు ఉంటుందన్నమాట. జనాభా 5 లక్షల చిల్లర. చాలా దీవుల్లో నేల సముద్రమట్టానికి ఒకటిన్నర మీటర్ల ఎత్తుకూడా ఉండదు. కొండ లేదు, గుట్ట లేదు, నది లేదు. కొబ్బరిచెట్లు మాత్రం కోనసీమలో ఉన్నట్టే ఉంటాయి. వాటిని చూసి మొదటిరోజే ప్రాణం లేచి వచ్చింది. కాని చెట్ల కింద వరిచేను ఉండదు. బియ్యం, ఉల్లిపాయ, పప్పు అన్నీ పడవెక్కి రావలసిందే.

ఇంత చిన్న దేశానికి మన టీచర్లు ఎందుకు? 1965 జూలై 26 న ఆ దేశం బ్రిటిషువారి రక్షణనుంచి బయటపడి స్వతంత్రమైంది. అంతకు కొంచెం ముందే, 1960 దశకం మొదట్లో, రాజధాని మాలేలోని ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం పెట్టారు. చెప్పేందుకు తమ మనుషులు చాలక సింహళంనుంచి టీచర్లని రప్పించుకున్నారు. 1970ల చివరినుంచి అదే చదువు మిగతా దీవులకీ పాకింది. పదో తరగతి పిల్లలు రాసేది బ్రిటిషు పద్ధతి పరీక్షలు. దీవికో బడి ఉండాలి, బడికి పదిమంది టీచర్లైనా ఉండాలి. కాబట్టి సింహళం వాళ్ళ తర్వాత మన దేశం వాళ్ళు, మలయాళీలు, తమిళులు, ఆ వెనకనే మన తెలుగువాళ్ళు వెళ్ళారు. దివేహి భాష, మతబోధ తప్ప మిగతా పాఠాలన్నీ ఎల్.కె.జి. నుంచీ ఇంగ్లీషులోనే.

నేను వెళ్ళిన వైనం

మా ఆయన వ్యాపారం దెబ్బతిని అప్పులు మీద పడ్డాయి. ఎం.ఎ. ఇంగ్లీషు, బి.ఇడి. చేసి నేను ఇక్కడొక ప్రైవేటు బళ్ళో పనిచేసేదాన్ని. అక్కడ ఇస్తామన్న జీతం ఇక్కడి దానికి నాలుగైదు రెట్లు. మా బాబుకి అప్పుడు నాలుగో ఏడు. వాణ్ణి మా అమ్మ దగ్గర వదిలి వెళ్ళాను. "పిల్లాడి గురించి బెంగపెట్టుకోకు, నేను లేనూ?" అంది అమ్మ. బెంగ పెట్టుకోకుండా ఉండడం నా చేతిలో ఉందా?

నన్ను పంపిన ఏజెంటు, పేరు అనవసరం, "మాలే టౌనులోనే మేడమ్, బీచి పక్కనే" అన్నాడు. దిగాక కాగితం చూస్తే ఉద్యోగం ఉత్తరాదిన చిట్టచివరి దీవుల్లో ఒకదానిలో. చిన్న విమానంలో హనిమాధూ వరకు వెళ్ళి, అక్కణ్ణించి పడవ ఎక్కాలి. ఆ పడవని వాళ్ళు 'దోని' అంటారు. గోదావరి జిల్లావాళ్ళకి దోనె అంటే తెలియనిదేముంది? పరాయి దేశంలో నేను విన్న మొదటి మాట నాకు తెలిసిన మాటే కావడం, ఆ క్షణాన ఎంత ఊరట ఇచ్చిందో చెప్పలేను.

దీవి ఒక చివరనుంచి మరో చివరకి నడిస్తే ఇరవై నిమిషాలు. వెయ్యిమంది జనం. ఒక మసీదు, ఒక ఆసుపత్రి, నాలుగు కొట్లు, ఒక బడి.

ఒక రోజు ఎలా గడుస్తుంది

తెల్లవారుజామున అజాన్ వినబడగానే లేచేదాన్ని. ఏడు గంటలకల్లా బళ్ళో ఉండాలి. పిల్లలు తెల్లటి యూనిఫారాల్లో, ఇసుక అంటని బూట్లతో వచ్చేవారు. దారంతా ఇసుకే అయినా ఆ బూట్లు ఎలా మెరిసేవో వాళ్ళ అమ్మలకే తెలియాలి. ఖురాన్ పఠనం, జాతీయగీతం అయ్యాక క్లాసులు. నాకు ఎల్.కె.జి., ఒకటో తరగతి ఇచ్చారు. క్లాసుకి ఇరవైమంది లోపే ఉండేవారు. మన దగ్గర అరవైమందితో అలవాటైన గొంతుకి, అక్కడ సగం తగ్గించుకోవలసి వచ్చింది.

మధ్యాహ్నానికి చిన్నపిల్లల బడి అయిపోతుంది. తర్వాత కాపీలు దిద్దడం, మర్నాటి పాఠానికి బొమ్మలు గీసుకోవడం, మీటింగులు. సాయంత్రం ఊళ్ళోవాళ్ళంతా సముద్రపొడ్డున కూర్చుంటారు. పిల్లల తల్లులు పలకరిస్తారు. శుక్ర, శనివారాలు సెలవు. ఆదివారంనాడు బడి ఉంటుంది. ఇది అలవాటు కావడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఆదివారం పొద్దున్న ఇక్కడ మావాళ్ళు తీరిగ్గా ఫోను చేస్తే నేను క్లాసులో ఉండేదాన్ని.

తిండి విషయం. పొద్దున్న ట్యూనా చేప, కొబ్బరికోరు, ఉల్లిపాయ కలిపి నలిపిన 'మస్ హుని', దానితో 'రోషి' అనే రొట్టె. మధ్యాహ్నం 'గరుధియ' అనే చేపల చారు. మనం చేపలు తినేవాళ్ళమే గనక నాకు బాధ లేకపోయింది. శాకాహారులు మాత్రం వారానికోసారి వచ్చే కూరగాయల పడవకోసం కాచుకోవాలి. తాగేందుకు వాననీళ్ళు పట్టి టాంకుల్లో దాచుకుంటారు. నీటి విలువ అక్కడే తెలిసింది. 2014 డిసెంబరులో మాలేలో మంచినీళ్ళు తయారుచేసే ప్లాంటు కాలిపోతే, మన దేశంనుంచి విమానాల్లో, ఓడల్లో నీళ్ళు పంపారు. వాడివాడి విసుగెత్తిన గోదావరి కాలవగట్టు మనిషిని నేను, చెంబుడు నీళ్ళు పారబోయడానికి ఈనాటికీ మనసొప్పదు.

ఆర్ ఫర్ రివర్

ఇక అసలు పాఠం సంగతి. మొదటివారం 'డి ఫర్ డాగ్' అని బొమ్మ చూపించాను. పిల్లలు తెల్లమొహం వేశారు. ఆ దేశంలో కుక్కల్ని పెంచనివ్వరు. కుక్కని టీవీలో తప్ప చూసిన పిల్లవాడు లేడు. 'టి ఫర్ ట్రెయిన్': రైలు లేదు. 'ఎమ్ ఫర్ మౌంటెన్': కొండ లేదు. 'ఆర్ ఫర్ రివర్' దగ్గరకొచ్చేసరికి నేనే ఆగిపోయాను. నది అంటే ఏమిటో పిల్లలకి ఎలా చెప్పడం?

బోర్డుమీద గోదావరి గీశాను. కొండల్లోంచి వస్తుంది, ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట, అక్కణ్ణించి కాలవలు, మా ఊరి పక్క గోస్తనీ, చివరికి సముద్రం. ఒక కుర్రాడు లేచి దివేహిలో ఏదో అడిగాడు. సహాయానికున్న స్థానిక టీచరు నవ్వుతూ చెప్పింది: "నీళ్ళన్నీ ఒకేవైపు వెళ్ళిపోతే నది అయిపోదా మిస్ అని అడుగుతున్నాడు." ఐదేళ్ళవాడు అడగవలసిన ప్రశ్నే అది. నలభై ఏళ్ళు గోదావరి నీళ్ళు తాగినవాళ్ళం మనమెప్పుడైనా అడిగామా?

ఆ రాత్రి కూర్చుని అక్షరమాల అంతా మార్చుకున్నాను. బి ఫర్ బోట్. సి ఫర్ క్రాబ్, కోకోనట్. ఆర్ ఫర్ రీఫ్. టి ఫర్ ట్యూనా. ఎ కి మాత్రం ఆపిల్‌తో పాటు 'అటోల్' పెట్టాను. దీవుల గుంపుకి ఇంగ్లీషువాళ్ళు వాడే ఆ మాట దివేహిలోని 'అతొళు' నుంచే వెళ్ళింది. "ఇంగ్లీషువాళ్ళు మీ దగ్గర అరువు తీసుకున్న మాట ఇది" అంటే పిల్లలు ఎంత పొంగిపోయారో!

నేను చేసిన తప్పు

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. ఇది రాయడానికే ఈ వ్యాసం రాస్తున్నానని అనుకున్నా ఫరవాలేదు.

క్లాసులో ఇంగ్లీషు తప్ప మరో మాట వినబడకూడదని నేను మొదట్లో పట్టుపట్టాను. ఎవరూ నన్ను అలా చెయ్యమనలేదు. మన ఊళ్ళో ప్రైవేటు బళ్ళలో నేర్చుకున్న అలవాటు. దివేహిలో మాట్లాడిన పిల్లవాణ్ణి ఓ నిమిషం నిలబెట్టేదాన్ని. కొట్టలేదు, తిట్టలేదు, నిలబెట్టడమే. రెండు నెలలు గడిచేసరికి క్లాసు భలే నిశ్శబ్దంగా ఉంది. నేను దాన్ని క్రమశిక్షణ అనుకున్నాను. ఒకటో తరగతిలో ఒక పిల్ల ఉండేది. ఆ రెండు నెలల్లో ఒక్కసారి నోరు విప్పలేదు. మాట రాదేమోనని కూడా అనుమానించాను.

ఒకనాడు వారాల పేర్లు చెబుతూ "వాట్ డే ఈజ్ టుడే?" అని ఆ పిల్లని అడిగాను. తల వంచుకుని సన్నగా "అంగార" అంది. నిలబెట్టబోతున్నదాన్నల్లా ఆగిపోయాను. అంగార! అంగారకుడంటే కుజుడు, అంటే మంగళవారం! ఆ రోజు నిజంగా మంగళవారమే. నేను నెమ్మదిగా, "బుధ?" అన్నాను. పిల్ల తలెత్తి చూసింది. "శుక్ర?" అన్నాను. అప్పుడు పకాలుమని నవ్వి, "నూన్ మిస్, హుకురు!" అంది. 'నూన్' అంటే వాళ్ళ భాషలో 'కాదు'. నా తప్పు దిద్దడానికి ఆ పిల్ల మొదటిసారి నోరు విప్పింది.

ఆ రోజునుంచి మా మధ్య ఒక ఒప్పందం. తను నాకో దివేహి మాట నేర్పాలి, నేను తనకో ఇంగ్లీషు మాట నేర్పాలి. నెల తిరిగేసరికి క్లాసంతా ఈ బేరంలో చేరిపోయింది. నేను తప్పు పలికినప్పుడల్లా వాళ్ళకి పండగ. టీచరు తప్పు చేసి నవ్వగలిగితే, తప్పు చెయ్యడానికి పిల్లలు భయపడరు. భాష నేర్చుకోవడమంటే తప్పులు చెయ్యడమే కదా!

రెండు భాషల చుట్టరికం

దివేహి సంస్కృత కుటుంబానికి చెందిన భాష, సింహళానికి దగ్గర చుట్టం. 'దివేహి' అన్నది ద్వీపం అన్న మాటలోంచే వచ్చింది. దేశాన్ని 'రాజ్జె' అంటారు, అంటే రాజ్యం. మన 'స' చాలాచోట్ల వాళ్ళకి 'హ' అవుతుంది, మన 'ప' వాళ్ళకి 'ఫ' అవుతుంది. సోమ హోమ అయింది, శుక్ర హుకురు అయింది, బృహస్పతి బురాస్ఫతి అయింది. పానీయం 'ఫెన్' అయింది, అంటే నీళ్ళు. మత్స్యం 'మస్'. ఈ సూత్రం తెలిశాక సగం మాటలు నాకు ఊహకి అందేవి.

లిపి పేరు తానా. కుడినుంచి ఎడమకి రాస్తారు. 24 అక్షరాలు. వాటిలో మొదటి తొమ్మిది అరబ్బీ అంకెల్లోంచీ, తర్వాతి తొమ్మిది పాత స్థానిక అంకెల్లోంచీ పుట్టాయి. హల్లు మీదో కిందో 'ఫిలి' అనే గుర్తు పెడితేగాని అది పలకదు. అచ్చం మన గుణింతమే. మనకి గుడి, కొమ్ము, ఏత్వం ఉన్నట్టు వాళ్ళకి పది ఫిలులు, మన పొల్లులాంటి 'సుకున్' ఒకటి.

దీనివల్ల టీచరుకి రెండు ఫలితాలు. మొదటిది కష్టం. కుడినుంచి ఎడమకి రాసే చెయ్యి ఎడమనుంచి కుడికి తిరగాలి. పిల్లలు చిన్న బి, చిన్న డి తారుమారు చేస్తే మందబుద్ధి అనుకోకూడదు, ఆ వయసులో ఎక్కడి పిల్లలైనా చేస్తారు, వీళ్ళకి అదనంగా దిక్కు మార్చుకునే పని ఉంది. నేను పుస్తకంలో ప్రతి పేజీకి ఎడమపక్క ఒక పచ్చచుక్క పెట్టేదాన్ని, అక్కడినుంచి మొదలెట్టాలని గుర్తు. రెండోది లాభం. తానా బాగా వచ్చిన పిల్లకి హల్లు వేరు, అచ్చు వేరు అని అప్పటికే తెలుసు. అందుకని నేను 'సీ, ఏ, టీ' అని అక్షరాల పేర్లు వల్లె వేయించడం మానేసి, 'క్, యా, ట్' అని శబ్దాలు కలిపి 'క్యాట్' అనడం ముందు నేర్పాను. తమ లిపి బాగా వచ్చిన పిల్లలే ఇంగ్లీషు చదవడమూ తొందరగా పట్టుకున్నారు. నాలుగేళ్ళూ ఇదే చూశాను.

వాక్యంలో క్రియని చివర పెట్టడం దివేహికీ, తెలుగుకీ ఒకటే. అందుకని 'ఐ ఫిష్ ఈట్' అని అక్కడి పిల్లాడు అంటే, మన ఇరగవరం పిల్లాడు అన్నట్టే ఉంటుంది. 'ది' ఎక్కడ పెట్టాలో వాళ్ళకీ తెలియదు, మన ఎం.ఎ. వాళ్ళకీ అనుమానమే. ఈ తప్పుల్ని నోటితో ఖండించకుండా, సరైన వాక్యం మనమే మళ్ళీ అనాలి: "యస్, ఐ ఈట్ ఫిష్ టూ!" అంతే. పది సార్లకి వాళ్ళే సర్దుకుంటారు. 2015 లో ఆ దేశంలో కొత్త జాతీయ పాఠ్యప్రణాళిక వచ్చి, చిన్నతరగతుల్లో ఆటా పాటా పనులకి చోటు పెరిగింది. అప్పటికి మా క్లాసు ఆ దారిలోనే ఉంది గనక మాకు ఇబ్బంది కలగలేదు.

ఐదు రూపాయల ఫైను

2015 లోనే ఒక రాత్రి ఫోనులో మా బాబు, "అమ్మా, ఇవాళ నాకు ఐదు రూపాయలు ఫైను వేశారు" అన్నాడు.

"ఎందుకురా నాన్నా?"

"నీళ్ళు కావాలని తెలుగులో అడిగాను."

వాడికప్పుడు ఆరేళ్ళు. ఆ టీచరు మీద నాకు కోపం రాలేదు. కోపం తెచ్చుకునే అర్హత నాకెక్కడిది? రెండేళ్ళ కిందట పరాయి పిల్లల్ని అదే తప్పుకి నిలబెట్టినదాన్ని. ఆ పిల్లకి కూడా ఆ రెండు నెలల్లో ఎప్పుడైనా దాహం వేసిందేమో, అడగలేక ఊరుకుందేమో! 'ఫెన్' అన్న చిన్నమాట నోట్లోనే మింగేసిందేమో! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు అమ్మకి ఫోను చేసి, "వాడికి రోజూ రాత్రి ఓ అరగంట తెలుగు చెప్పమ్మా" అన్నాను. "ఏమ్మా, అక్కడ నువ్వు చెప్పేది ఇంగ్లీషు, ఇక్కడ నన్ను తెలుగు చెప్పమంటావు!" అని నవ్వింది గాని, పెద్దబాలశిక్ష తీసింది. మన రాష్ట్రంలో 2019 లో ప్రభుత్వ బడులన్నిటా ఇంగ్లీషు మీడియం అన్నప్పుడు పెద్ద వాదోపవాదాలు జరిగాయి, 2020 లో హైకోర్టు ఆ ఉత్తర్వుని కొట్టేసింది. ఆ వాదాల్లోకి నేను పోను. ఇంగ్లీషు అన్నం పెట్టే భాష, నాకూ పెట్టింది. కాని ఇంగ్లీషు రావడానికి పిల్లవాడి నోరు కట్టెయ్యక్కరలేదు, కట్టేస్తే ఇంగ్లీషు కూడా రాదు. ఇది నా అభిప్రాయం కాదు, నా క్లాసులో జరిగినది.

వెళ్ళేవారికి నాలుగు మాటలు

2016 కి అప్పులు తీరాయి. 2017 చివర్లో తిరిగొచ్చేశాను. బాబు రెండు మూడు వారాలు నా దగ్గరకి సరిగా రాలేదు. ఏం కావాలన్నా అమ్మమ్మనే అడిగేవాడు. జీతంలో కలిపి లెక్క వేసుకోవలసిన ఖర్చు ఇది. ఏ ఏజెంటూ చెప్పడు.

వెళ్ళదలచిన తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఒప్పందం కాగితంలో ఏ దీవి, ఏ తరగతులు, ఇంటి అద్దె ఎవరిది, సెలవుకి టికెట్టు ఇస్తారా, మధ్యలో మానేస్తే ఏమిటి అన్నవి చూసుకున్నాకే సంతకం పెట్టండి. నిబంధనలు మారుతూంటాయి, అక్కడ ప్రస్తుతం పనిచేస్తున్నవాళ్ళని అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతా పెట్టకండి. జీతం వాళ్ళ రుఫియాల్లో వస్తుంది, ఇంటికి పంపాలంటే డాలర్లు కావాలి, అవి దొరకని రోజులుంటాయి. ఆ దేశం ముస్లిం దేశం. పూజావిగ్రహాలు, మద్యం, పందిమాంసం వెంట తీసుకెళ్ళకూడదు. దుస్తుల్లోనూ మాటలోనూ వాళ్ళ మర్యాద పాటిస్తే మనల్ని నెత్తిన పెట్టుకుంటారు. నాకు జ్వరం వచ్చిన వారంరోజులూ ఏ ఇంటినుంచో గంజి రాని పూట లేదు.

అన్నిటికన్నా ముఖ్యం, పిల్లలకి ఇంగ్లీషు చెప్పబోయే ముందు వాళ్ళ భాషలో ఓ యాభై మాటలు నేర్చుకోండి. నీళ్ళు, ఆకలి, అమ్మ, నొప్పి, ఇంటికి వెళ్తాను: ఇవైనా రావాలి. ఆ దేశమైనా, మరో దేశమైనా, తణుకులో నరేంద్ర సెంటరు పక్క బడి అయినా ఇంతే.

నేనిప్పుడు మన ఊళ్ళోనే ఒకటో తరగతికి ఇంగ్లీషు చెబుతున్నాను. నా క్లాసులో తెలుగు మాట్లాడితే ఫైను లేదు. మొన్న 'ఆర్ ఫర్ రివర్' దగ్గర పిల్లల్ని అడిగాను: "నీళ్ళన్నీ ఒకేవైపు వెళ్ళిపోతున్నాయి కదా, గోదావరి అయిపోదా?" క్లాసంతా ఒక్కసారి తెలుగులో జవాబు చెప్పడం మొదలెట్టింది. వానలన్నారు, కొండలన్నారు, ఒకడు పోలవరం అన్నాడు. అరగంట పోయాక అవే మాటల్ని ఒక్కొక్కటిగా ఇంగ్లీషులోకి మార్చుకున్నాం.

సెలవు.